ఫోటో కోసం తీసిన బండ

మా వీధిలో ఉన్న గుంత ఎవరిదని అడిగితే మొన్నమొన్నటిదాకా ఎవరిదీ కాదు. మున్సిపాలిటీ వాళ్ళు మాది కాదన్నారు. కరెంటు వాళ్ళు మాది కాదన్నారు. ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు కూడా మాది కాదనే అన్నారు, మూత మీద వాళ్ళ పేరే అచ్చుపోసి ఉన్నా. ఆ సిమెంటు మూత రెండు ముక్కలై గుంతలో పడింది కాబట్టి పేరు ఎవరికీ కనపడదు. పక్కింటి రంగన్నను లోపలికి దింపి, పేరున్న ముక్కను తాడు కట్టి పైకి లాగించి, ఆటోలో వేసుకుని పోయి కంపెనీ ఆఫీసు బల్ల మీద పెట్టాను. అప్పుడు మాదే అన్నారు. నాలుగక్షరాలు వాళ్ళ చేత చదివించడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మా రెండో తరగతి పిల్లలు నయం.

నా పేరు యేసమ్మ. ప్రొద్దుటూరు మున్సిపల్ స్కూల్లో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన దేవపాలు ఆర్టీసీలో కండక్టరు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందుల పోయే బస్సులో ఆయన్ను ఎరగని మనిషి ఉండేవాడు కాదు. ఆరేళ్ళ కిందట నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయాయి. కడపకు, తిరుపతికి తిప్పాము. ఎక్కడా లాభం లేకపోయింది.

కళ్ళు పోయినా ఆయన నడక మానలేదు. పొద్దున ఆరుకొకసారి, సాయంత్రం ఐదుకొకసారి మా ఇంటి నుంచి వీధి చివర చర్చిదాకా ఒక్కడే నడిచిపోయి గంట కొడతాడు. చర్చివాళ్ళు అడిగిన పని కాదు, ఆయనే అడిగి తీసుకున్నాడు. ఎడమ చెయ్యి వెనక భాగం గోడలకు ఆనించుకుంటూ పోతాడు. కర్ర ముట్టడు. నా చెయ్యి అసలే ముట్టడు. మొదట్లో నేను పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

"ముప్పైయేండ్లు పరిగెత్తే బస్సులో కమ్మీ పట్టుకోకుండా నడిచినోన్ని. కదలకుండా ఉండే వీధిలో నడవలేనా?" అన్నాడు.

వీధిని కూడా ఆయన రూటు చేసుకున్నాడు. మా గేటు ప్రొద్దుటూరు. రంగన్న ఇంటి గోడ మలుపు జమ్మలమడుగు. చర్చి గేటు పులివెందుల. రంగన్న భార్య ఎదురొచ్చి యాడిదాకా సామీ అంటే, పులివెందుల, చిల్లర ఉంటేనే ఎక్కు అంటాడు. ఆ రెండు నడకల కోసమే ఆయన గడ్డం గీసుకునేది, ఇస్త్రీ చొక్కా తొడుక్కునేది. మిగతా రోజంతా ఆ రెండింటి మధ్య ఎదురుచూపు.

గుంత ఆ జమ్మలమడుగు దగ్గరే ఉంది, గోడకు ఆనుకుని. కేబుళ్ళను ముడివేసే గుంత. మనిషి దిగితే ఛాతీదాకా లోతు. మార్చి మొదటి వారంలో తెల్లవారుజామున పెన్న నుంచి వచ్చే ఇసుక ట్రాక్టరు ఒకటి, ఎదురొచ్చే పాలబండికి దారివ్వబోయి వెనక చక్రం ఆ మూత మీదికి ఎక్కించింది. మూత పెటుక్కున విరిగింది. ట్రాక్టరోడు ఆగి చూసి, అడిగేవాళ్ళు లేరని తీరిగ్గా వెళ్ళిపోయాడని తర్వాత పాలబండి మనిషి చెప్పాడు. ఆరింటికి మా ఆయన బయలుదేరాడు. ఎదురింటి షహనాజ్ వాకిట్లో నీళ్ళు చల్లుతూ చూసి, బకెట్ పారేసి పరిగెత్తి ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగింది. ఒక కాలు అప్పటికే గాల్లో ఉంది.

ఆ తర్వాత రెండు రోజులు ఆయన బయటికి పోలేదు. నేను పట్టుకుంటాను పద అన్నాను, లేవలేదు. షహనాజ్ వచ్చి నేను పట్టుకుంటా తాతా అన్నా లేవలేదు. గడ్డం గీసుకోలేదు. ముందు రోజు చొక్కాతోనే మంచం మీద కూర్చుని గోడకు ముఖం పెట్టుకున్నాడు. అన్నం పెడితే నాలుగు మెతుకులు కెలికి చెయ్యి కడిగేశాడు. రెండో రాత్రి ఉన్నట్టుండి, డిపోలో మూలకు తోసిన బస్సును చూసినావా, టైర్లు తీసి ఇటుకల మీద నిలబెడతారు అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నోట అలాంటి మాట వినలేదు. ఈ మనిషి ఇంట్లో కూర్చుంటే ఏడాది బతకడని నాకు ఆ రాత్రే తెలిసిపోయింది.

మూడోరోజు రంగన్న దారి చూపించాడు. అతను బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మా జిల్లాలో దేనికి మూత కావాలన్నా మొదట గుర్తొచ్చేది బండే కదా. కాలువ మీద బండ, తొట్టి మీద బండ, అంగడి ముందు కూర్చోవడానికి బండ. రంగన్న ఫ్యాక్టరీ నుంచి ఒక మంచి నల్లబండ తెచ్చి, తమ్ముడిని పిలిచి, గడ్డపారలతో జరిపి గుంత మీద కప్పాడు. మా ఆయన పోయి దాని మీద చెప్పుతో రెండుసార్లు తట్టి, జమ్మలమడుగులో ప్లాట్‌ఫారం వేసినారు అన్నాడు. ఆ సాయంత్రం గంట మామూలుకంటే ఎక్కువసేపు మోగింది. నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను.

అక్కడితో వదిలేసి ఉండవచ్చు. కానీ రంగన్నే హెచ్చరించాడు. "బండను నమ్మగాకు టీచరమ్మా. మోసినన్ని దినాలు మోస్తాది, ఇరిగేటప్పుడు చెప్పి ఇరగదు," అన్నాడు. ఇసుక ట్రాక్టర్లు ఆగలేదు. వారం తిరక్కుండానే బండ మీద వెంట్రుకలాంటి బీట కనపడింది. ఇంకో బండ తెచ్చాడు. అది ఐదు రోజులకే బీటవారింది. ఏదో ఒక రోజు పొద్దున ఆరింటికి అది మా ఆయన కాళ్ళ కింద విరుగుతుంది. నాకు ఇనుప మూత కావాలి, కంపెనీ వేసే మూత, చక్రం ఎక్కినా చెక్కుచెదరనిది.

కంపెనీకి ఫోన్ చేస్తే మీ కస్టమరు నంబరు చెప్పండి అన్నారు. నేను మీ కస్టమరును కాదమ్మా, మీ గుంత పక్కన బతికేదాన్ని అన్నాను. కస్టమరు కానివాళ్ళ ఫిర్యాదు తీసుకునే వీలు లేదన్నారు. అంటే మీ గుంతలో పడాలన్నా కనెక్షన్ ఉండాలా అన్నాను. ఫోన్ పెట్టేశారు. షహనాజ్ ఇంట్లో వాళ్ళ కనెక్షనే ఉంది. మగ్గం పని చేస్తుంది, డిజైన్లన్నీ ఫోన్లో చూసి కుడుతుంది. ఆమె నంబరుతో ఫిర్యాదు పెట్టించాను, రెండో నంబరుగా నాది ఇప్పించాను. వాళ్ళ ఫిర్యాదుల జాబితాలో గుంత అన్న మాటే లేదు. నెట్ రాలేదు, నెట్ నిదానంగా ఉంది, బిల్లు ఎక్కువ వచ్చింది, ఈ మూడే. నెట్ రాలేదు అన్న దాన్ని నొక్కింది పాపం. గంటలో మెసేజ్ వచ్చింది: మీ నెట్ పనిచేస్తోంది, ఫిర్యాదు ముగిసింది.

అప్పుడే ఆ ముక్కను తీసుకుపోయి ఆఫీసు బల్ల మీద పెట్టింది. అద్దాల గది, చల్లగా ఉంది. అక్కడున్న మేనేజరు తన బల్ల మీద మట్టి పడిందని బాధపడ్డాడు తప్ప నా మాట విన్నట్టు లేడు. నేను కదల్లేదు. ఒంటిగంటదాకా అక్కడే కూర్చున్నాను. ఇక ఈమె పోయేట్టు లేదని ఆయనే స్వయంగా కంప్యూటరులో ఏదో కొట్టి, టెక్నీషియన్ వచ్చి ఫోటో తీసుకుంటాడు, కొత్త మూత వస్తుంది పొండి అన్నాడు. నేను స్తోత్రం చెప్పుకుని ఇంటికొచ్చాను.

నాలుగో రోజు నేను మార్కెట్టుకు పోయి వచ్చేసరికి షహనాజ్ ఫోనుకు మెసేజ్ వచ్చి ఉంది. టెక్నీషియన్ వచ్చాడు, చూశాడు, గుంత మీద బండ ఉంది, బండకు ఫోటో తీశాడు, పోయాడు. మూత ఉన్నది, ఫిర్యాదు పరిష్కరించబడినది. కింద ఐదు చుక్కలు వేసి మా సేవ మీకు నచ్చిందా అని అడిగారు. నేను బూతులు మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు మాత్రం గొంతుదాకా వచ్చినవాటిని మింగలేక నీళ్ళు తాగాను.

ఆ టెక్నీషియన్ పేరు ముదస్సిర్. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. చెడామడా దులపాలనే చేశాను గానీ, ఆ పిల్లవాడి గొంతు వింటే అంత కోపం నిలబడలేదు. ఎక్కడో స్తంభం మీద ఉండి మాట్లాడుతున్నాడు, రొప్పుతున్నాడు.

"నేనేం చేసేది మేడమ్? ఫోటోలో బండ కనపడితే మూత ఉన్నట్టే రాసుకుంటాది ఆ యాప్. గుంత నోరు తెరుసుకోనుంటేనే కొత్త మూతకు మంజూరు వస్తాది."

"అట్లయితే నువ్వెప్పుడొస్తావో చెప్పు నాయనా. ఆ టయానికి తీపించి పెడతా."

"యట్ల చెప్పేది మేడమ్? పొద్దున జమ్మలమడుగు అంటారు, మధ్యానం పులివెందుల అంటారు. మూడూర్లకూ నేనొక్కన్నే. మీరు మళ్ళా కంప్లైంట్ పెట్టండి. రెండు మూడు దినాల్లో వస్తా. నేనొచ్చినప్పుడు బండ ఉంటే మళ్ళా క్లోజే."

నేను తెల్లవార్లూ ఆలోచించాను. బండ ఉంటే మూత రాదు. బండ తీస్తే గుంత. అడకత్తెరలో పోకచెక్కలాగా అయింది నా బతుకు. రంగన్న పొద్దున ఏడుకు ఫ్యాక్టరీకి పోతాడు, చీకటిపడ్డాక వస్తాడు. బండ జరపడం నా వల్ల కాదు, షహనాజ్ వల్లా కాదు. కాబట్టి ఏడింటికి తీస్తే రాత్రిదాకా తీసే ఉండాలి. పొద్దున ఆరు గంటల నడక అప్పటికి అయిపోయి ఉంటుంది. సాయంత్రం ఐదు గంటలదే చిక్కు.

ఆయనకు చెప్పాలా వద్దా అన్నది అసలు ప్రశ్న. చెప్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. మళ్ళీ మంచం, మళ్ళీ గోడకు ముఖం. రెండు మూడు దినాలే కదా అంటే, ఇట్లనే మొదలవుతాది అంటాడు. అందుకని చెప్పలేదు. రంగన్నకూ షహనాజ్‌కూ మా ఆయన చెవిన వేయొద్దని ఒట్టు వేయించుకున్నాను. రంగన్న మాత్రం తల అడ్డంగా ఊపి, "తప్పు చేస్తాండావు టీచరమ్మా," అన్నాడు. నాకు పాఠాలు చెప్పొద్దని అతని మీద విరుచుకుపడ్డాను. నోరు మూసుకుని బండ జరిపాడు.

మేనేజరుకు ఫోన్ చేసి షహనాజ్ నంబరు మీదే మళ్ళీ ఫిర్యాదు పెట్టించాను. రోడ్డు వైపు ముళ్ళకంప వేయించాను, బండ్లవాళ్ళు పడకుండా. గోడ వైపు కంప వేస్తే మా ఆయన చేతికి గుచ్చుకుంటుంది, గుట్టు బయటపడుతుంది. గోడ వైపు కంపకు బదులు నేనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నెత్తిన గొడుగు, ఒళ్ళో ఫోను. దారిన పోయేవాళ్ళు ఏం టీచరమ్మా, గుంతకు అటెండెన్స్ తీసుకుంటాండావా అని ఎగతాళి చేశారు. ఎండ మాడుపగలగొట్టింది. ముదస్సిర్‌కు ఫోన్ చేస్తే జమ్మలమడుగులో ఉండాను మేడమ్ అన్నాడు. ఇంకోసారి చేస్తే పులివెందుల దారిలో ఉండాను అన్నాడు.

ఐదుకు రెండు నిమిషాలుండగా కుర్చీ తీసి షహనాజ్ వాకిట్లో పెట్టేసి, నేను మా గేటుకూ గుంతకూ మధ్య నిలబడ్డాను. ఆయన గోడ పట్టుకుని వస్తున్నాడు. ఏదో అనుకోకుండా ఎదురుపడ్డట్టు, కొత్తిమీరకు పోతాండా, పద అన్నాను. మాటల్లో పెట్టి, భుజంతో భుజాన్ని నెట్టుకుంటూ రోడ్డు మధ్యకు తెచ్చి గుంత దాటించాను. చెయ్యి మాత్రం పట్టుకోలేదు. ఆయన ఏమీ అనలేదు. ఆరింటికి తిరిగొచ్చేటప్పుడు పాలకని ఇంకో వంక పెట్టాను. రెండో రోజూ అంతే. ముదస్సిర్ రాలేదు. రాత్రి రంగన్న వచ్చి బండ కప్పినప్పుడల్లా నేను పడుకునేముందు పోయి కాలితో నొక్కి చూసుకునేదాన్ని. నాకు నిద్ర అన్నది లేదు. అన్నం నోట్లో పెట్టుకుంటే గుంతే కనపడేది. ప్రభువా, ఒక్క ఫోటో, ఒక్కటే ఫోటో అని ప్రార్థన చేసుకునేదాన్ని. ముప్పై రెండేళ్ళు పిల్లలకు అడుక్కోవద్దని చెప్పినదాన్ని, ఒక ఫోటో కోసం దేవుని దగ్గర చెయ్యి చాపాను.

మూడో రోజు ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి, మర్యాదగా, కోస్తా యాసలో మాట్లాడింది. టెక్నీషియన్ పది నిమిషాల్లో మీ దగ్గరుంటారండి, ఫిర్యాదు నంబరుకు ఓటీపీ పంపామండి, అది చెబితేనే ఆయన ఫోటో ఎక్కించగలరండి, ఐదు నిమిషాల్లో చెప్పకపోతే విజిట్ రద్దయిపోతుందండి అంది. నంబరు షహనాజ్‌ది. షహనాజ్ ఎదురింట్లో వెనక గదిలో మగ్గం ముందు ఉంది. కేకేశాను, వినపడలేదు.

నేను గడియారం చూసుకున్నాను. ఆయన ఐదు కొట్టిందాకా గడప దాటడు, డిపో టైము అది. ఎనిమిది నిమిషాలుంది. వీధి దాటి లోపలికి పోయి రావడానికి రెండు నిమిషాలు. రద్దయిపోతే మళ్ళీ ఫిర్యాదు, మళ్ళీ ఎండ, మళ్ళీ ఈ భయం. అన్నీ లెక్కవేసుకునే లేచాను. తెలిసీ తెలియక లేచానని చెప్పుకోవడానికి లేదు.

షహనాజ్ ఫోను ఛార్జింగులో ఉంది. ఆమె వేళ్ళకు కుందన్ల జిగురు అంటుకుని ఉండడంతో ఫోను తెరుచుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చింది. తెరిచేసరికి మొదటి ఓటీపీ గడువు దాటిపోయింది. ఇంకొకటి పంపమ్మా అని నేను ఆ అమ్మాయిని బతిమాలాను. పంపుతానండి, లైన్లో ఉండండి అంది. సంగీతం పెట్టింది. నేను ఆ సంగీతం వింటూ కాలు కాలిన పిల్లిలా గదిలో తిరిగాను. మెసేజ్ వచ్చింది. ఆరు అంకెలు. ఒక్కొక్కటే చెప్పించుకుంది, మళ్ళీ చదివి వినిపించింది. మీ సహకారానికి ధన్యవాదాలండి అంటుండగా బయట ఎవరో మగమనిషి తాతా, తాతా అని అరిచాడు.

నేను బయటికి వచ్చేసరికి ఒక మోటారుబండి రోడ్డు మీద పడి చక్రం తిరుగుతోంది. ముదస్సిర్ గుంత అంచున బోర్లాపడుకుని రెండు చేతులూ లోపలికి చాపి ఉన్నాడు. మా ఆయన అరవలేదు. ఆ మనిషి ఎప్పుడూ అరవడు. లోపలి నుంచి ఊపిరి తీసే చప్పుడు ఒక్కటే వస్తోంది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఈ వయసులో మూడు నెలలు మంచం తప్పదు, ఆ తర్వాత నడిచినా వాకరుతోనే, పక్కన మనిషి ఉండాల్సిందే అన్నాడు డాక్టరు. నడుస్తారని గట్టిగా చెప్పలేను అని కూడా అన్నాడు.

ఆ రాత్రే కంపెనీ నుంచి నలుగురు మనుషులొచ్చి లైటు పెట్టుకుని ఇనుప మూత బిగించిపోయారని షహనాజ్ చెప్పింది. గంట పని కూడా కాలేదట. చర్చి పెద్దలు ఆసుపత్రికి వచ్చి ప్రార్థన చేశారు. కౌన్సిలరు వచ్చి కంపెనీని వదిలేది లేదన్నాడు. పేపరు విలేఖరి వచ్చి నా ఫోటో తీసుకుని, నిర్లక్ష్యం మీద రిటైర్డ్ టీచరు పోరాటం అని రాశాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఒక్కరైనా నన్ను చెప్పుతో కొడితే బాగుండుననిపించింది. రంగన్న ఒక్కడే ఏమీ అనకుండా వచ్చి, ఆయన కాళ్ళ దగ్గర నిలబడి, పోయాడు.

రెండో రోజు ముదస్సిర్ వచ్చాడు, చీనీకాయల సంచి పట్టుకుని. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అతన్ని పనిలోంచి ఆపేశారట. నా పక్కన బెంచీ మీద కూర్చుని, "నేను దూరం నుంచే కేకేసినా మేడమ్. రెండుసార్లు కేకేసినా. తాతకు ఇనపడింది, తల తిప్పినాడు కూడా. కానీ ఆగలే. యెందుకు ఆగలేదో నాకు తెలీడంలే," అన్నాడు. నేను ఆ పిల్లవాడి వీపు నిమిరాను.

మూడో రోజు మధ్యాహ్నం వార్డులో సందడి తగ్గింది. ఆయన మెలకువగా ఉన్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది, గడ్డం మాసింది. నేను ఇంక మోయలేకపోయాను. మంచం పక్కన స్టూలు జరుపుకుని కూర్చుని చెప్పేశాను.

"బండ నేనే తీపించినా. కంపెనీ వాళ్ళు కాదు. ఫోటో కోసం నేనే తీపించినా. నీకు చెప్పకుండా."

ఫ్యాను తిరుగుతోంది. పక్క మంచం దగ్గర ఎవరో గిన్నె మూత తీసి అన్నం పెట్టుకుంటున్నారు.

"తెలుసులేమ్మే," అన్నాడు.

నేను నమ్మలేదు. నా మీద జాలితో అంటున్నాడనుకున్నాను. ఎట్ల తెలుసు, ఎవరు చెప్పినారు అన్నాను.

"ఎవరు చెప్పల్లా? బండ మీద కాలు పడితే ఒక చప్పుడొస్తాది. అది లే. జమ్మలమడుగు వచ్చేతలికి నువ్వు వచ్చి నన్ను రోడ్డు మిందికి తోస్తావు. పొద్దుగాల రావు, మాపటికే వస్తావు. రెండు దినాలు కొత్తిమీరకు పోతివి, ఇంట్లో ఒక్కపూటన్నా పచ్చడి నూరినావా?" అన్నాడు. నవ్వబోయి, తుంటి లాగినట్టుంది, ఆగిపోయాడు.

"తెలిసి యేమిటికి నడిచినావు? అడగొచ్చు గదా నన్ను."

"అడిగితే నువ్వు చెయ్యి పట్టుకుంటావు. అడక్కపోతే పక్కన నడుస్తావు." కొంచెంసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "బాగుండె. ఆరేండ్లకు ఇద్దరం కలిసి వీధిలో నడిచినట్టుండె."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటూ వచ్చి నా మోకాలి మీద ఆగింది.

"ఆ పొద్దు నువ్వు ఎదురు రాలే. సరే, ఈపొద్దు బండ కప్పినారేమో అనుకున్యా. ఎవరో తాతా అని కేకేసినారు. మొగోని గొంతు. నాకు కాదులే, ఇంగెవరికో అనుకున్యా. నాకైతే నువ్వు అరుస్తావు గదా."

ఆ మాట ఆయన తప్పుపడుతూ అనలేదు. ఎందుకు ఆగలేదో నాకు చెప్తున్నాడు, అంతే. నా గొంతు కోసం చెవి పెట్టుకుని ఆయన గోడ వెంబడి ఒక్కొక్క అడుగూ వేస్తున్నప్పుడు, నేను ఎదురింట్లో నిలబడి ఎవరో అమ్మాయికి ఆరు అంకెలు చదివి వినిపిస్తున్నాను.